హీరో పేరు మీద డబ్బు ఎలా పుడుతుంది, ఎవరి దగ్గర ఆగిపోతుంది

మీరు అడిగింది ఇది: మీ బావగారి స్నేహితుడు ఒక సినిమా తీస్తున్నారు. పేరున్న హీరో డేట్లు ఇచ్చారు. మిమ్మల్ని 40 లక్షలు పెట్టమంటున్నారు. "హీరో ఉన్నాడు, డబ్బు ఎక్కడికీ పోదు" అని నచ్చజెబుతున్నారు. ఆ మాట నమ్మొచ్చా, అసలు పెద్ద హీరోకి అన్ని కోట్లు ఎందుకిస్తారు, చిన్న సినిమాలూ బాగా ఆడుతున్న ఈ రోజుల్లో నిర్మాతలు ఇంకా హీరోల ఇళ్ల చుట్టూ ఎందుకు తిరుగుతారు అని మీ సందేహం.

నేను 1994లో విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేరాను. ప్రింటు పెట్టెతో బస్సెక్కి ఊళ్లకి వెళ్లడం, బుకింగ్ మూసేదాకా కూర్చుని తెగిన టికెట్లు లెక్కపెట్టడం, డీసీఆర్ మీద మేనేజరు సంతకం తీసుకోవడం నా పని. డీసీఆర్ అంటే డైలీ కలెక్షన్ రిపోర్టు. తర్వాత చాలా ఏళ్లు భాగస్వాములతో కలిసి కృష్ణా జిల్లాకి సినిమాలు కొన్నాను, కొన్నిటికి చిన్న మొత్తాల్లో ఫైనాన్స్ కూడా చేశాను. లాభాలు వచ్చాయి. ఒకసారి పొలం కూడా పోయింది. ఆ రెండు అనుభవాల నుంచి చెబుతున్నాను.

ముందు సూటిగా మీ మొదటి ప్రశ్నకి జవాబు. హీరో పేరు మీద అప్పు పుడుతుంది. ఆ పేరు చూసి మొదటి మూడు రోజులు జనం కూడా వస్తారు. ఈ రెండిటి వరకు మీ బావగారి స్నేహితుడు చెప్పేది నిజమే. సోమవారం నుంచి సినిమా నిలబడుతుందా, వచ్చిన డబ్బులో మీ 40 లక్షలు మీ దాకా చేరతాయా అన్నవి మాత్రం వేరే లెక్కలు. ఆ రెండిటికీ హీరో పూచీ ఉండదు. మన పరిశ్రమలో నష్టపోయినవాళ్లలో ఎక్కువమంది ఈ తేడా తెలియక నష్టపోయినవాళ్లే.

అప్పు ఎలా పుడుతుందో చెబుతాను. సినిమాకి పరిశ్రమ హోదా ఇస్తున్నట్టు కేంద్ర ప్రభుత్వం 1998లో ప్రకటించింది. అయినా మన దగ్గర ఎక్కువ సినిమాలకి ఇప్పటికీ ప్రైవేటు ఫైనాన్సే దిక్కు. బ్యాంకు తాకట్టు అడుగుతుంది. ఇంకా తీయని సినిమాకి తాకట్టు ఏముంటుంది? కథ ఎంత గొప్పదైనా దాన్ని వేలం వేసి అప్పు తీర్చుకోలేరు కదా. ఫైనాన్షియర్ చూసేది హీరో గత రెండు మూడు సినిమాల బిజినెస్. అవి హిట్టా ఫ్లాపా అన్నది కూడా ఆయనకి తర్వాతి సంగతి. విడుదలకి ముందు ఎంతకి అమ్ముడుపోయాయి అన్నదే ఆయనకి ముఖ్యం. ఎందుకంటే ఆయన డబ్బు తిరిగొచ్చేది విడుదలకి ముందు రోజే.

వడ్డీ నూటికి నెలకి రెండు రూపాయలు, పార్టీని బట్టి రెండున్నర, మూడు. ఉదాహరణకి 30 కోట్లు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 60 లక్షలు. హీరో కాలు బెణికో, మరో సినిమా ఆలస్యమయ్యో షూటింగ్ ఆరు నెలలు వెనక్కి జరిగిందంటే వడ్డీయే 3 కోట్ల 60 లక్షలు. ఒక్క షాట్ కూడా తీయకుండా ఖర్చయిన డబ్బు అది. పేరున్న హీరో ఉంటే అప్పు సులువుగా పుడుతుంది, కానీ ఆ హీరో డేట్లు జారితే అదే అప్పు సినిమాని తినేస్తుంది. నేను చూసిన మునిగిన సినిమాల్లో కథ బాగోక మునిగినవి ఎన్ని ఉన్నాయో వడ్డీతో మునిగినవీ దాదాపు అన్నే ఉన్నాయి.

వెనకటి రోజుల్లో ఫైనాన్షియర్ చేతిలో ల్యాబ్ లెటర్ ఉండేది. నెగటివ్ ల్యాబులో ఉండేది కాబట్టి ఆయన ఒప్పుకోనిదే ప్రింట్లు బయటికి రావని ల్యాబు రాసిచ్చే కాగితం అది. ఇప్పుడు ప్రింట్లు లేవు. క్యూబ్, యూఎఫ్‌ఓ లాంటి డిజిటల్ సంస్థల ద్వారా సినిమా థియేటర్‌కి వెళుతుంది, తాళం తీసే కీ వస్తేనే బొమ్మ పడుతుంది. ఫైనాన్షియర్ల క్లియరెన్స్ లేనిదే ఆ కీ రాదు. విడుదలకి ముందు రాత్రి నిర్మాత ఆఫీసులో ఉండే టెన్షన్ బయటివాళ్లకి తెలియదు. ఒక గదిలో ఫైనాన్షియర్లు, ఇంకో గదిలో బయ్యర్లు, అంటే ఏరియాల వారీగా సినిమా హక్కులు కొన్నవాళ్లు, ఎవరు ఎంత తగ్గించుకుంటారు, ఎవరు ఎంత అదనంగా వేస్తారు అని తెల్లవారుజాము దాకా పంచాయితీ. కొన్నిసార్లు హీరోనే ఫోన్ చేసి "నాకు రావలసింది తర్వాత చూసుకుందాం, ముందు సినిమా వదలండి" అంటారు. ఆ ఒక్క మాటతో విడుదలైన సినిమాలు నాకు తెలుసు. హీరో అంటే డబ్బు పట్టుకుపోయేవాడే అనుకోకండి. ఆ రాత్రి అందరూ ఆయన మాటనే నమ్ముతారు.

ఇక బయ్యర్ల సంగతి. తెలుగు రాష్ట్రాలు మాకు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్ గోదావరి, వెస్ట్ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. నైజాం అంటే తెలంగాణ, సీడెడ్ అంటే రాయలసీమ. నిజాం 1800లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించిన ప్రాంతం కాబట్టి ఆ పేరు. ఇవి కాక కర్ణాటక, మిగతా దేశం, ఓవర్సీస్. పెద్ద హీరో సినిమా మొదలవ్వగానే, ఒక్కోసారి కథ పూర్తి కాకుండానే, ఈ ఏరియాలకి బేరాలు మొదలవుతాయి. అవుట్‌రైట్‌గా కొంటే లాభనష్టాలు పూర్తిగా బయ్యర్‌వి. ఎంజీ, అంటే మినిమం గ్యారంటీ అయితే ముందు ఒక మొత్తం కట్టాలి, అది, దానిమీద కమిషను పోగా మిగిలింది నిర్మాతతో పంచుకోవాలి. రిటర్నబుల్ అడ్వాన్స్ అయితే తగ్గింది నిర్మాత వెనక్కి ఇవ్వాలి. కాగితం మీద అంతే. పెద్ద హీరో ఉంటే నిర్మాత చేయి పైన ఉంటుంది కాబట్టి అవుట్‌రైట్ లేదా ఎంజీ అంటారు. కొత్తవాళ్ల సినిమా అయితే కమిషన్ మీద వేసి పెట్టమని బయ్యర్‌నే బతిమాలాలి. హీరోకి అన్ని కోట్లు ఎందుకంటే సగం జవాబు ఇక్కడే ఉంది. ఆయన పేరు వల్ల నష్టం భయం నిర్మాత నెత్తి మీద నుంచి దిగి బయ్యర్ నెత్తికి ఎక్కుతుంది. నిర్మాత ఆ సౌకర్యానికి డబ్బు కడుతున్నాడు.

జనం పేపర్లో వంద కోట్ల గ్రాస్ అని చదివి వంద కోట్లు వచ్చాయనుకుంటారు. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు. ఒక జిల్లాలో కోటి రూపాయల గ్రాస్ వచ్చిందనుకుందాం. టికెట్టు వంద దాటితే జీఎస్టీ 18 శాతం, అంటే ఆ కోటిలో 15 లక్షల పైనే పన్ను. మిగిలిన 85 లక్షల్లోంచి థియేటర్ అద్దెలు, ఇతర ఖర్చులు పోతే 60 లక్షలు చేతికొస్తే బయ్యర్ సంతోషిస్తాడు. దాన్నే షేర్ అంటాం. కాబట్టి జిల్లాని 5 కోట్లకి కొన్నవాడు, పబ్లిసిటీ, వడ్డీ కలుపుకుని 5 కోట్ల 30 లక్షల షేర్ రాబట్టాలంటే జిల్లాలో దాదాపు 9 కోట్ల గ్రాస్ రావాలి. కృష్ణా జిల్లాలో ఆ మొత్తం రావడమంటే మాటలు కాదు.

అందులో హీరో తెచ్చేది ఎంత? ఓపెనింగ్స్ తెస్తారు. ఫ్లెక్సీలు కట్టేది, పాలాభిషేకాలు చేసేది, మొదటి ఆట టికెట్టు రెట్టింపు పెట్టయినా కొనేది ఆయన అభిమానులే. వాళ్ల ప్రేమ నిజమైనది, వాళ్లని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. శుక్ర, శని, ఆది ఈ మూడు రోజులు హీరో బలం కనిపిస్తుంది. టాక్ బాగున్నా బాగోకపోయినా ముందే తెగిన టికెట్లు తెగినట్టే. సోమవారం ఉదయం ఆట నుంచి ఆయన బలం అయిపోతుంది, అక్కడి నుంచి ఇంటిల్లిపాదీ కదిలి రావాలి. వాళ్లు హీరోని చూసి రారు. ఆదివారం చూసొచ్చిన పక్కింటివాళ్లు ఏం చెప్పారో అది విని వస్తారు.

2006 ప్రాంతంలో నాకు ఈ సోమవారం అనుభవమైంది. చాలా పెద్ద హీరో సినిమా, పేరు వద్దు. ముగ్గురం కలిసి కృష్ణా జిల్లాకి కోటి 60 లక్షలకి కొన్నాం. ఆ హీరో అంతకుముందు సినిమా మా జిల్లాలో విరగబడి ఆడింది. అదే ధైర్యం. శుక్రవారం అన్ని సెంటర్లూ ఫుల్. రాత్రి మా ఆఫీసులో అందరికీ బిర్యానీ తెప్పించాం. శనివారం మ్యాట్నీకే టాక్ తేడాగా ఉందని ఫోన్లు. సోమవారం గుడివాడలో ఉదయం ఆటకి 61 మంది. ఆ అంకె నేను మర్చిపోలేను, డీసీఆర్ మీద నీలం ఇంకుతో రాసి ఉంది. రెండో వారంలో కొన్ని థియేటర్లలో వచ్చిన డబ్బు అద్దెకి కూడా చాలక డెఫిసిట్ మేమే ఎదురు కట్టాం. ఆఖరికి తేలిన షేర్ 92 లక్షలు. నా వంతు నష్టానికి పామర్రు పక్కన రెండెకరాలు అమ్మాను. నిర్మాత "తర్వాతి సినిమాలో సర్దుతాను" అన్నారు. అది మా వ్యాపారంలో చెల్లే మాటే, చాలామంది నిలబెట్టుకుంటారు కూడా. ఆయన తర్వాతి సినిమాని ఎక్కువ ఇస్తామన్న వేరేవాళ్లకి అమ్మారు.

ఇందులో హీరో తప్పు నాకు కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు. ఆయన కష్టపడ్డారు. మా తప్పే ఉంది: గత సినిమా వసూళ్లని ఈ సినిమా ధరగా మార్చుకున్నాం. పోయిన సినిమా 2 కోట్లు చేసింది కదా, దీన్ని కోటి 60 లక్షలకి కొంటే క్షేమం అనుకున్నాం. ఆ 2 కోట్లలో హీరో వాటా ఎంతో, దర్శకుడి వాటా ఎంతో, సెలవుల వాటా ఎంతో విడదీసి చూడలేదు.

అందుకే మీరు అడిగిన మూడో ప్రశ్నకి వస్తున్నాను. హీరో లేకుండా డబ్బు పుట్టదా? పుడుతుంది, కానీ ఆ పేరు స్థానంలో ఇంకో పేరుండాలి. మన దగ్గర దీనికి రాజమౌళి గారిని మించిన ఉదాహరణ లేదు. 2009లో 'మగధీర' తీశాక ఆయన ఏ హీరోతో తీసినా బయ్యర్లు ఎగబడేవాళ్లు. ఆయన 2010లో కమెడియన్ సునీల్ హీరోగా 'మర్యాద రామన్న' తీశారు, 2012లో ఏకంగా ఈగనే హీరోని చేశారు. నాని పాత్ర సినిమా మొదట్లోనే చనిపోతుంది. అయినా జిల్లా జిల్లాకీ ఆ సినిమా అమ్ముడుపోయింది, ఆడింది. అంటే కొన్నవాళ్లకి కావలసింది ముందే నమ్మదగిన ఒక పేరు. అది హీరోదే కానక్కర్లేదు. 2017లో 'బాహుబలి' రెండో భాగం వెయ్యి కోట్లు దాటిన మొదటి భారతీయ సినిమా అయిందంటే అందులో దర్శకుడి పేరు, మొదటి భాగం మిగిల్చిన ప్రశ్న, వేరే సినిమా ఒప్పుకోకుండా ఏళ్ల తరబడి డేట్లు ఇచ్చిన ప్రభాస్ గారి ఓపిక అన్నీ ఉన్నాయి. హీరో ఫైనాన్స్‌కి చేసే సాయం కొన్నిసార్లు ఇలా కూడా ఉంటుంది. డేట్లు జారకపోతే వడ్డీ ఎంత మిగులుతుందో పైన లెక్క చూశారు కదా.

ఓవర్సీస్‌లో ఈ లెక్క మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో మన వాళ్లు వారాంతంలో కుటుంబంతో వెళతారు, టికెట్టు ఖరీదు, డ్రైవింగ్ దూరం. ఇక్కడ మాస్‌లో తిరుగులేని హీరో సినిమా అక్కడ ప్రీమియర్లతోనే చల్లబడటం, ఇక్కడ మధ్యస్థంగా ఉన్న హీరో సినిమా అక్కడ వారాల తరబడి నిలబడటం మామూలే. 2017లో శేఖర్ కమ్ముల గారి 'ఫిదా' అమెరికాలో 2 మిలియన్ డాలర్లు దాటింది. వరుణ్ తేజ్, సాయి పల్లవి ఇద్దరికీ అప్పటికి అక్కడ అంత మార్కెట్ ఉందని ఏ బయ్యరూ రాసివ్వలేడు. ఓవర్సీస్ కొనేవాళ్లు హీరో పేరు పక్కన దర్శకుడి పేరు, జానర్ రాసుకుని ధర కడతారు. జిల్లా బయ్యర్లం ఆ పద్ధతి చాలా ఆలస్యంగా నేర్చుకున్నాం.

చిన్న సినిమాకి అసలు ఇబ్బంది మరోచోట ఉంది, థియేటర్ల దగ్గర. పండక్కి ఎవరి బొమ్మకి ఎన్ని థియేటర్లు అన్నది నెలల ముందే ఖాయమైపోతుంది, అక్కడ హీరో పేరే పాస్‌పోర్టు. 2024 సంక్రాంతి గుర్తు చేసుకోండి. జనవరి 12న మహేష్ బాబు గారి సినిమా, తేజ సజ్జా 'హనుమాన్' ఒకే రోజు. ఆ వెంటనే వెంకటేష్ గారిది, నాగార్జున గారిది. హైదరాబాద్ సింగిల్ స్క్రీన్లలో 'హనుమాన్'కి మొదటి రోజు దొరికినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముందు రోజు రాత్రి వేసిన ప్రీమియర్లతో టాక్ బయటికి పోయింది, వారం తిరక్కుండా థియేటర్లు దానివైపు తిరిగాయి, ఆ సంక్రాంతి విజేత అదే. చాలామంది దీన్ని హీరో అక్కర్లేదనడానికి ఉదాహరణగా చెబుతారు. నేను ఇంకోలా చూస్తాను. అదే సినిమా మొదటి రెండు రోజులు తట్టుకోలేకపోయి ఉంటే? మంచి సినిమా అని తెలిసేలోపే తీసేసిన బొమ్మలు ఎన్నో ఉన్నాయి, వాటి పేర్లు మీకు తెలియవు, నాకే సగం గుర్తులేవు. హీరో పేరు సినిమాకి కొనిచ్చేది ఆ రెండు మూడు రోజుల గడువు. చిన్న సినిమాకి అది లేదు.

ఆ గడువు ఉండీ నిలబడని సందర్భం 2022 ఆగస్టులో జరిగింది. హిందీలో ఆమిర్ ఖాన్ 'లాల్ సింగ్ చడ్డా', అక్షయ్ కుమార్ 'రక్షా బంధన్' 11వ తేదీన దిగాయి. నిఖిల్ 'కార్తికేయ 2' హిందీ డబ్బింగ్ 13న యాభై పైచిలుకు ఆటలతో మొదలైంది. పెద్ద హీరోల ఆటలు ఖాళీగా పోతుంటే ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్లు, వాటిని తీసి దీనికిచ్చారు, వారం తిరిగేసరికి ఆటలు వెయ్యి దాటాయి. థియేటర్ యజమానికి ఏ హీరో మీదా పగ ఉండదు. ఆయనకి కరెంటు బిల్లు ఉంటుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ 2025 సంక్రాంతి. ఒకే నిర్మాత, దిల్ రాజు గారు, నాలుగు రోజుల తేడాలో రెండు సినిమాలు దించారు. జనవరి 10న రామ్ చరణ్, శంకర్ కలయికలో భారీ బడ్జెట్ 'గేమ్ ఛేంజర్', 14న వెంకటేష్, అనిల్ రావిపూడి 'సంక్రాంతికి వస్తున్నాం'. మొదటిది నిరాశపరిచింది, రెండోది ఊళ్లకి ఊళ్లని థియేటర్‌కి రప్పించింది. రెండిటిలోనూ పేరున్న హీరోలే ఉన్నారు. మీ 40 లక్షలు ఆ రెండిట్లో దేంట్లో ఉన్నాయన్న దాన్ని బట్టి మీ జీవితం ఉంటుంది, ముందుగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

హీరోల పారితోషికం మీద కూడా అడిగారు. ఒకప్పుడు మన దగ్గర ఆర్టిస్టులు నెల జీతం మీద పనిచేశారు. విజయా సంస్థలో ఎన్టీఆర్ గారే 'పాతాళ భైరవి' రోజుల్లో అలా ఉన్నారు. అప్పట్లో డబ్బు పెట్టేది ఎక్కువగా నవయుగ, పూర్ణా లాంటి పంపిణీ సంస్థలు. కథ వినేది వాళ్లు, వాయిదాల్లో డబ్బు పంపేది వాళ్లు, కాబట్టి మాట చెల్లేది వాళ్లదే. ఆ సంస్థల బలం తగ్గి, ఏరియా ఏరియాకి అమ్మే పద్ధతి వచ్చాక పగ్గం హీరో చేతికి వచ్చింది. అదే కాలంలో తన డబ్బు తానే పెట్టుకుని సాహసం చేసిన హీరోలు కూడా ఉన్నారు. కృష్ణ గారి నూరో సినిమా 'అల్లూరి సీతారామరాజు', 1974 మే 1న వచ్చింది, తెలుగులో తొలి సినిమాస్కోప్ సినిమా. ఇతరులు వెనకాడిన కథని తన సొంత సంస్థ పద్మాలయా పేరు మీద తీశారు. తనతో నష్టపోయిన నిర్మాతని పిలిచి మళ్లీ డేట్లు ఇచ్చేవారని ఆయన గురించి పాతవాళ్లందరూ చెబుతారు. నాకు ఆయన మీద గౌరవం ఉన్నది నటన కంటే ఇందుకే ఎక్కువ. తమిళంలో రజనీకాంత్ గారు 2002లో 'బాబా' దెబ్బతిన్నప్పుడు డిస్ట్రిబ్యూటర్లకి నష్టం తిరిగి కట్టారు. బయ్యర్లమైన మాకు అది పండగ లాంటి వార్త.

ఇప్పుడు చాలామంది హీరోలు పద్ధతి మార్చారు. కొందరు పారితోషికం బదులు ఒక ఏరియా హక్కులో, లాభంలో వాటానో తీసుకుంటారు. మహేష్ బాబు గారు 2015లో 'శ్రీమంతుడు'కి తన బ్యానర్‌తో నిర్మాణ భాగస్వామి అయ్యారు. హీరో డబ్బు కూడా సినిమాలో ఉంటే షూటింగ్ రోజులు తగ్గుతాయి, ప్రమోషన్లకి తనంతట తనే వస్తారు, నిర్మాత ప్రాణం కుదుటపడుతుంది. పూర్తి పారితోషికం ముందే పుచ్చుకున్న హీరోకి, వాటా ఉన్న హీరోకి తేడా సెట్లో ప్రొడక్షన్ బాయ్‌కి కూడా తెలుస్తుంది.

ఈ పారితోషికాలు ఒక్కసారిగా పెరగడానికి నాన్ థియేట్రికల్, అంటే థియేటర్ బయట హక్కులు అమ్మగా వచ్చే డబ్బు, కారణం. శాటిలైట్ (టీవీ హక్కులు), హిందీ డబ్బింగ్, ఆడియో ముందునుంచీ ఉన్నాయి. హిందీ డబ్బింగ్ సినిమాలు టీవీలో, యూట్యూబ్‌లో విపరీతంగా చూడటం మొదలుపెట్టాక ఒక మాదిరి హీరోల సినిమాలకి కూడా అటునుంచి కోట్లు వచ్చాయి. కరోనా తర్వాత ఓటీటీలు పోటీపడి కొన్నాయి, అదీ హీరో స్థాయిని బట్టి. థియేటర్లో ఒక్క టికెట్టు తెగకముందే పెట్టుబడిలో పెద్ద భాగం వెనక్కి వచ్చేది. నిర్మాత మిగులు చూశాడు, హీరో కూడా ఆ మిగులు చూశాడు, రేటు పెరిగింది. తర్వాత ఓటీటీలు చేయి బిగించాయి. కొనడం తగ్గించాయి, ధర తగ్గించాయి, విడుదల తేదీ కూడా వాళ్లే చెప్పడం మొదలుపెట్టారు. పారితోషికం మాత్రం పెరిగిన చోటే నిలబడింది. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపి ఖర్చుల మీద కూర్చుని మాట్లాడుకున్నది ఇందుకే. నేను చూసిన బడ్జెట్లలో హీరో ఒక్కరికే మూడో వంతు, కొన్నిట్లో సగం దాకా పోయేది. మిగిలిన సగంలో సినిమా తీయాలంటే తెర మీద ఏం కనిపిస్తుంది? ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఎగ్జిబిటర్ గోడు కూడా ఇందులో భాగమే. మన సింగిల్ స్క్రీన్లలో చాలాచోట్ల మొదటి వారం అద్దె పద్ధతి, రెండో వారం నుంచి పర్సంటేజి, అంటే వసూళ్లలో వాటా. అంటే హాలు నిండిన వారం థియేటర్‌కి కట్టిన అద్దే వస్తుంది, హాలు ఖాళీ అయ్యాక వాటా ఇస్తారు. మొదటి వారం నుంచే పర్సంటేజి కావాలని, లేకపోతే 2025 జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని ఎగ్జిబిటర్లు అన్నది అందుకే. మూసివేత ఆగింది కానీ వాళ్ల లెక్కలో న్యాయం ఉంది. హీరో పేరు తెచ్చే లాభం అంతా ఆ మొదటి వారంలోనే ఉంది కాబట్టి, ఆ వారం ఎవరిది అన్నదే అసలు గొడవ.

ఇక మీ 40 లక్షలు. మీరు ఈ వరసలో ఎక్కడ నిలబడుతున్నారో ముందు తెలుసుకోండి. డబ్బు వచ్చినప్పుడు మొదట తీసుకునేది క్లియరెన్స్ చేతిలో ఉన్న ఫైనాన్షియర్లు. ఆ తర్వాత హీరోకి, దర్శకుడికి మిగిలిన బాకీలు. ఆ తర్వాత ల్యాబు, గ్రాఫిక్స్, ఇతర బిల్లులు. అన్నీ పోగా మిగిలితే భాగస్వాములకి. మిమ్మల్ని "పార్ట్‌నర్" అని పిలుస్తున్నారంటే మీరు ఆఖరి వరసలో ఉన్నారని అర్థం. అక్కడ కూర్చున్నవాళ్లకి హిట్టయితేనే డబ్బు, ఓపెనింగ్స్ బాగుంటే సరిపోదు. అప్పుగా ఇస్తున్నారంటే మీది ఎన్నో ఛార్జి, అంటే అప్పులు తీర్చే వరసలో మీ హక్కు ఎన్నోది, అన్నది స్టాంపు పేపర్ మీద ఉండాలి, విడుదలకి ముందు మీ సంతకం కూడా అవసరమని రాసి ఉండాలి.

హీరో డేట్లు ఇచ్చారంటే మాటగా ఇచ్చారా, అగ్రిమెంట్ ఉందా, ఎంత అడ్వాన్స్ పుచ్చుకున్నారు, ఏ నెలలో ఎన్ని రోజులు అన్నది చూడాలి. టోకెన్ అడ్వాన్స్ తీసుకుని ఏళ్ల తరబడి మొదలవ్వని సినిమాలు ఫిల్మ్‌నగర్‌లో బోలెడు. టైటిల్ ఫిల్మ్ ఛాంబర్‌లో ఎవరి బ్యానర్ పేరు మీద రిజిస్టర్ అయింది, ఆ బ్యానర్ గత సినిమా బాకీలు ఏమైనా మిగిలి ఉన్నాయా అని తప్పకుండా కనుక్కోండి. ఇది చాలామంది అడగరు. పాత సినిమా అప్పు తీరని ఫైనాన్షియర్ కొత్త సినిమా విడుదలని ఆపుతాడు, అప్పుడు మీ డబ్బు మీకు సంబంధం లేని బాకీకి పోతుంది. కొత్త హీరో అయినా అప్పుల్లేని బ్యానర్‌లో డబ్బు పెట్టడమే నాకు ఇష్టం, పెద్ద హీరో ఉన్నా పాత బాకీలతో నడుస్తున్న బ్యానర్ జోలికి నేను పోను.

అలాగే బడ్జెట్ కాగితం అడిగి, హీరో పారితోషికం పోగా సినిమా తీయడానికి ఎంత మిగులుతుందో, వడ్డీకి ఎన్ని నెలలు లెక్కేశారో చూడండి. వడ్డీ కాలమ్ లేని బడ్జెట్ చూపిస్తే అది సరిగా వేసిన లెక్క కాదు. ఆ 40 లక్షలు పిల్లల చదువు కోసమో, ఇంటి కోసమో దాచినవైతే ఈ కాగితాలేవీ చూడనక్కర్లేదు, ఇప్పుడే వద్దని చెప్పేయండి. బావగారికి రెండు రోజులు మనసు కష్టపడుతుంది, అంతే.

పోయినా పర్వాలేదు అనుకునే డబ్బైతే అగ్రిమెంట్ నకలు తెప్పించుకోండి. అందులో మీ సొమ్ము విడుదలకి ముందు తిరిగొస్తుందా, విడుదల తర్వాతా అన్న వాక్యం ఎక్కడో ఉంటుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి, పేర్లు అక్కర్లేదు. మీరు ఎన్నో వరసలో ఉన్నారో అది చూస్తే చెప్పగలను.